మిషన్ని చదివిన కుసుమకుమారి

దేవేంద్ర ఏడాదిన్నర కూర్చుని రాసిన ప్రోగ్రాము పని చేస్తోంది. కానీ వేళకి చేయడం లేదు. అదీ అతని బాధ.

విజయనగరం పొలిమేరలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అతను కంప్యూటర్ సైన్సు చెబుతాడు. నలభై రెండేళ్ళవాడు. గజపతినగరం దగ్గర వరీ నువ్వులూ పండించే ఇంట్లో పుట్టాడు కాబట్టి వేళకాని వాన మనిషిని ఏం చేస్తుందో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ ప్రోగ్రాము చేసే పని కూడా వాన గురించే. రోజూ ఉదయం తొమ్మిదింటికి వాతావరణ వివరాలు దించుకుని, నౌపడ చుట్టుపక్కల ఇరవై నాలుగు గంటల్లో వాన పడే సూచన ఉందో లేదో లెక్కకట్టి చెప్పాలి. నౌపడలో ఉప్పు మడులున్నాయి. వేసవిలో మడి అడుగున ఉప్పు పేరుకుంటున్న సమయంలో ఒక్క గట్టి జల్లు పడిందంటే పది పన్నెండు రోజుల ఎండా, మనుషుల చాకిరీ కలిసి నీళ్ళయిపోతాయి. వాన వస్తుందని మధ్యాహ్నం ఒంటిగంటలోపు తెలిస్తే ఉన్నంత ఉప్పు గీకి, కుప్పపోసి, తాటాకు కప్పుకోవచ్చు. సాయంత్రం తెలిస్తే ఆకాశం చూస్తూ నిలబడడమే.

పాత కంప్యూటర్ మీద ఆ లెక్క పదకొండు గంటలు పట్టేది. ఫిబ్రవరిలో కాలేజీకి పెద్ద సర్వర్ ఒకటి వచ్చింది. అందులో రెండు ప్రాసెసర్లు, బోలెడు మెమరీ. దాని తెర మీద "ప్రాసెసర్లు: అరవై నాలుగు" అని కనిపించిన రోజున దేవేంద్ర ఇంటికెళ్ళి, ఇక మూడు గంటల్లో తేలిపోతుందని భార్యతో చెప్పాడు. తీరా పెట్టి చూస్తే ఏడు గంటలు. తొమ్మిదిన్నరకి మొదలైన లెక్క సాయంత్రం నాలుగున్నరకి గానీ పూర్తి కావడం లేదు. ఇంతకన్నా విడ్డూరం ఇంకోటుంది. పనిని అరవై నాలుగు ముక్కలుగా పంచినా ఏడు గంటలే, పదహారు ముక్కలుగా పంచినా రమారమి ఏడు గంటలే. మిగతా నలభై ఎనిమిదీ ఏం చేస్తున్నట్టు?

అమ్మినవాళ్ళు విశాఖపట్నం నుంచి ఇంజనీరుని పంపారు. అతను ఒక పూటంతా పరీక్షలు నడిపి, అంతా సవ్యంగా ఉందని కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. దేవేంద్ర నమ్మలేదు. విభాగాధిపతి గణపతిరావు గారి దగ్గరికి వెళ్ళి, సర్వర్‌లోనే ఏదో లోపముంది, వెనక్కి పంపేద్దామన్నాడు. ఆయన సరేనని లెటర్ టైపు చేయించారు. దాని కింద ల్యాబ్ చూసుకునే మనిషి సంతకం కూడా ఉండాలి.

ఆ మనిషి కుసుమకుమారి.

ఆమెది నౌపడే. నాన్నా, అన్నా ఉప్పు మడుల్లో పని చేసేవాళ్ళే. ఇంటర్ తరవాత టెక్కలిలో కంప్యూటర్ డిప్లొమా చేసి, పదిహేడేళ్ళ కిందట ఈ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. మౌసులు మార్చడం, కేబుళ్ళు సరిచేయడం, పరీక్షల రోజున ముప్పై కంప్యూటర్లు ఒక్కసారి లేచేలా చూడడం ఆమె పని. ఇన్నేళ్ళలో దేవేంద్ర ఆమెతో మాట్లాడిందల్లా "మూడో వరసలో కీబోర్డు పాడైంది కుమారి గారూ" లాంటి మాటలే.

ఆమె లెటర్ని రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టేసింది.

"పాడయిందని నాను సంతకం ఎట్టను సార్. సూడకుండా ఎలాగెడతాను?"

"వైజాగ్ నుంచి ఇంజనీరే వచ్చి చూశాడు కదండీ."

"ఆయన బానే ఉన్నాదన్నాడు. మీరు పాడయిందంటన్నారు. మిషను ఏటంటన్నాదో ఎవులూ అడగలేదు కదా."

దేవేంద్రకి కొంచెం చిరాకేసింది. కానీ ఆమె అప్పటికే సర్వర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. తన సంచిలోంచి అట్ట ఊడిన పొడుగాటి నోటుపుస్తకం తీసింది. పేజీలన్నీ సన్నటి తెలుగు అక్షరాలు. మధ్యమధ్య ఏవో ఫైళ్ళ పేర్లు.

"ఏమిటది?"

"నాలుగేళ్ళ కిందట తనిఖీకి వస్తన్నారని, కాలేజీలో ఉన్న మిషన్లన్నిటికీ లోపల ఏటేటున్నాయో జాబితా రాయమన్నారు సార్. రెండొందల నలభై మిషన్లు. స్క్రూలు ఇప్పి మూతలు తీయడం ఎక్కడవుతాది? ఆపరేటింగ్ సిస్టమ్మే ఫైళ్ళలో రాసిపెడతాదని అప్పుడు తెలిసింది. ఒక్కో ఫైలూ తెరిసి సదివేను. అర్థమైంది అయినట్టు రాసుకున్నాను. కానిదానికి పక్కన సుక్క ఎట్టుకున్నాను."

"జాబితాకి ఇంత అక్కర్లేదు కదా?"

"జాబితా పది రోజుల్లో అయిపోయింది. తరవాత ఊరుకోలేకపోయేను." ఆమె నవ్వింది. "సిత్రమేటంటే సార్, ఈ ఫైళ్ళలో కొన్నిటికి సైజు సున్నా అని సూపిస్తాది. కాళీ ఫైలేమో అనుకుంటాం. తెరిస్తే పేజీలకి పేజీలు! మొదట నా కళ్ళే బాలేదనుకున్నాను. అది డిస్కు మీద ఉన్న ఫైలు కాదు. మనం తెరిసినప్పుడు అప్పటికప్పుడు లోపల సూసి రాసి ఇస్తాది. మెమరీ ఇప్పుడెంతుందని అడిగితే ఇప్పటిది సెప్తాది. మళ్ళీ అడిగితే మళ్ళీ సూసి సెప్తాది. ఇసుక్కోదు."

ఈ సంగతి దేవేంద్రకి తెలుసు. రెండో ఏడాది పిల్లలకి చెబుతాడు కూడా. బోర్డు మీద ఒక వాక్యం రాయించి దాటిపోతాడు. అదే సంగతి మొదటిసారి కంటపడి, కళ్ళు నులుముకుని, మళ్ళీ తెరిచి చూసిన మనిషిని మాత్రం అతను ఇప్పుడే చూస్తున్నాడు. పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు.

కుమారి ఒక చిన్న ఆజ్ఞ టైపు చేసింది. తెర మీద ఇరవై ముప్పై వరసలు వచ్చాయి. చూపుడువేలుతో ఒక్కో వరస చూపిస్తూ చదివింది.

"అరవై నాలుగు అంటన్నాది కదా. కింద సూడండి. ప్రాసెసర్ లోపల లెక్క సేసే మనిషిలాటిది కోరు, ఒక్కోదానికి రెండేసి పేర్లు. కోర్లు నిజానికి ముప్పై రెండే." ఆమె మరో ఫైలు తెరిచింది. అందులో రెండే అంకెలు: సున్నా, ముప్పై రెండు. "సున్నా నంబరోడూ ముప్పై రెండో నంబరోడూ ఒకడే మనిషి. ఇద్దరన్నట్టు పని పంచితే ఒకడి మీదే పడతాది. ఇలగే ఒకటీ, ముప్పై మూడూ. రెండూ, ముప్పై నాలుగూ."

"ఊఁ."

"ఈ ముప్పై రెండిట్లో పదహారు ఒక ప్రాసెసర్లో, పదహారు ఇంకో ప్రాసెసర్లో ఉన్నాయి. మెమరీ కూడా ఒకే కుప్ప కాదు సార్. సగం ఈ ప్రాసెసర్ని ఆనుకుని, సగం ఆ ప్రాసెసర్ని ఆనుకుని. ఈ రెండు పక్కల్నీ నోడ్లంటన్నాది. సున్నా నోడు, ఒకటో నోడు. తన పక్క మెమరీ అయితే వేగంగా అందుతాది. అవతలి పక్కది కావాలంటే మధ్యలో ఉన్న దారెంట ఎల్లి తేవాల."

నోటుపుస్తకం చివరి పేజీలో ఆమె రెండు పెట్టెలు గీసింది. ఒక్కో పెట్టెలో పదహారు గళ్ళు. పెట్టె పక్కన ఇంకో పెట్టె, మెమరీ. మధ్యలో ఒక గీత. ప్రతి గడిలోనూ తెర మీద చూసి నంబర్లు వేసింది. ఒక్కటీ ఊహించి వేయలేదు. మూత తీయకుండా, మర విప్పకుండా ఆ ఇనప్పెట్టె లోపలి అమరికంతా పది నిమిషాల్లో కాగితం మీదికి వచ్చేసింది.

"మీ ప్రోగ్రాము ఇప్పుడు నడస్తన్నాదా?"

"పొద్దున్న పెట్టాను. నడుస్తోంది."

"అయితే మెమరీని అడుగుదాం."

రెండు నోడ్ల ఫైళ్ళూ ఒకదాని కింద ఒకటి తెరిచింది. ఒక్కో పక్కా అరవై నాలుగు గిగాబైట్లు. సున్నా నోడులో మిగిలింది తొమ్మిది. ఒకటో నోడులో మిగిలింది అరవై రెండు.

ఆమె ఆ రెండు అంకెల వైపూ చూసింది. తరవాత దేవేంద్ర వైపు చూసింది.

"సార్, మీ సామానంతా ఈ పక్కనే ఉన్నాది. ఆ పక్క ఇల్లు బోసిగా ఉన్నాది. అటుపక్క పదహారు మందీ పొద్దుట్నించీ ఇటు తిరగడంతోనే సరిపోతన్నాది. ఇటుపక్కోళ్ళకి దారి కాళీ లేదు. ఎందుకిలగ ఒకే పక్క పెట్టినారు?"

ప్రోగ్రాము మొదటి పేజీ దేవేంద్ర కళ్ళ ముందు ఆడింది. అసలు లెక్క మొదలయ్యే ముందు గాలి, తేమ, వేడి వివరాలకి కావలసిన స్థలమంతా సున్నాలతో నింపే నాలుగు వరసలున్నాయి అందులో. ఆ నాలుగు వరసల్నీ ఒక్క కోరే నడుపుతుంది. మెమరీలో ఒక స్థలాన్ని మొదట ఏ కోరు రాస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ స్థలాన్ని ఆ కోరు పక్కనే కేటాయిస్తుంది. సున్నాలు రాసింది సున్నా నోడులోని కోరు. అందుకని యాభై చిల్లర గిగాబైట్లూ అక్కడే చేరాయి. అతనికి తెలియని నియమం కాదు. తన ప్రోగ్రాముకి ఎప్పుడూ అన్వయించుకోలేదు.

"నేనే పెట్టాను కుమారి గారూ," అన్నాడు చివరికి. "మిషనుది తప్పు కాదు. నాది."

ఆమె గెలిచినట్టు చూడలేదు. "అయితే దిద్దీయొచ్చు," అంది.

ఆ సాయంత్రమే దేవేంద్ర ఆ నాలుగు వరసల్నీ మార్చాడు. ఏ భాగం లెక్క ఏ కోరు చేస్తుందో, ఆ భాగానికి సున్నాలు కూడా ఆ కోరే రాసేలా పంచాడు. ముక్కలు ముప్పై రెండు చేశాడు. మర్నాడు తొమ్మిదిన్నరకి నడిపితే మధ్యాహ్నం రెండూ యాభైకి అయింది. అయిదు గంటల ఇరవై నిమిషాలు. బాగుపడింది గానీ, అనుకున్నంత కాదు. అతను నీరసపడిపోయాడు.

కుమారి నోటుపుస్తకంతో వచ్చింది. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ ఆమె పావుగంటకోసారి వచ్చి, ఏ ముక్క ఏ కోరు మీద నడుస్తోందో ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి రాసుకుందట. ఈ పని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇది సూడండి. ఏడో ముక్క పదింటికి మూడో కోరు మీద ఉన్నాది. పదింబావుకి ఇరవయ్యో కోరు మీదకి ఎల్లిపోయింది, అంటే అవతలి పక్కకి. పదకొండింటికి మళ్ళీ ఇటొచ్చీసింది. పన్నెండో ముక్కా అంతే. సామాను సర్దినారు గాని, మనుసులికి సోటు సెప్పలేదు మీరు. సెప్పకపోతే ఎక్కడ కాళీ ఉంటే అక్కడికి పంపిస్తాది."

దేవేంద్ర ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నిలువు గీతలు, అడ్డ గీతలు, పావుగంటల వారీగా ముప్పై రెండు ముక్కల కదలికలు. అతని దగ్గర పరిశోధన చేసే విద్యార్థులెవరూ ఇంత ఓపికగా ఒక కొలత తీసుకురాలేదు. అతనూ తీయలేదు.

"మీరు ఈ ఉద్యోగంలో ఎందుకున్నారండీ?" అని అడిగేశాడు, ఆలోచించకుండానే.

"ఏం, ఈ ఉద్యోగానికేటి?" అందామె ముక్కుసూటిగా. "రెండొందల నలభై మిషన్లు నా సేతిలో ఉన్నాయి. మీకు ఎన్నున్నాయి?"

అతను సిగ్గుపడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఏ ముక్క ఏ కోరు మీద ఉండాలో, అక్కణ్ణుంచి కదలకూడదని చెప్పే రెండు వరసలు చేర్చాడు. కోర్ల నంబర్లు కుమారి గీసిన బొమ్మలో చూసే రాశాడు. ఆ మర్నాడు శుక్రవారం. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి, పదకొండున్నరకి క్లాసుకి వెళ్ళాడు. క్లాసు అయ్యి వరండాలోకి వస్తుంటే కుమారి ఎదురొచ్చింది.

"పన్నెండూ ముప్పై అయిదుకి అయిపోయింది సార్. మూడు గంటల అయిదు నిమిషాలు."

దేవేంద్ర చేతిలో ఉన్న డస్టర్‌తో సహా సర్వర్ గదిలోకి పరిగెత్తాడు. ఆమె చెప్పింది నిజమే. అంకెలు తప్పు వచ్చాయేమోనని, పాత కంప్యూటర్ మీద అవే వివరాలతో నడుస్తున్న లెక్కలో అప్పటికి వచ్చినంతవరకు పోల్చి చూశాడు. అక్షరం తేడా లేదు. మిషను అదే, లెక్కా అదే. ఎవరు ఎక్కడున్నారో తెలిసి పని పంచడంతో నాలుగు గంటలు కలిసొచ్చాయి.

గణపతిరావు గారి గదికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. సంతకం పెట్టని లెటర్ని కుమారి ఆయన బల్ల మీద పెట్టింది. దేవేంద్ర జరిగిందంతా చెప్పి, "తప్పు నా ప్రోగ్రాములో ఉంది సార్. కనిపెట్టింది కుసుమకుమారి గారు," అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశారు.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?"

"ఆపరేటింగ్ సిస్టమ్ రాసినోళ్ళే సార్," అందామె. "ఆళ్ళెవులో నాకు తెలీదు. లోపల ఏ సామాను ఎక్కడుందో ఆళ్ళకి తెలిస్తే సాలు కదా. పని నడిసిపోతాది. అయినా మనం అడుగుతామని ఫైళ్ళుగా పెట్టినారు. పెద్ద ఇంజనీరయినా నాలాటిదయినా, తెరిసి సదువుకోవచ్చు. సదివితే సెప్పనని అనదు. నాకు మాత్రం ఆళ్ళకి దణ్ణం ఎట్టాలనిపిస్తాది."

గణపతిరావు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. లెటర్ని నాలుగు ముక్కలుగా చించి బుట్టలో వేశారు.

వేళకి అందిన మొదటి సూచన ఆ శుక్రవారమే పన్నెండూ యాభైకి నౌపడ వెళ్ళింది. కుమారి అన్న లక్ష్ముడి ఫోనుకి. సాయంత్రం వాన పడే అవకాశం గట్టిగా ఉందని అందులో ఉంది. ఉప్పు మడుల్లో నలభై మంది అతని మాట వింటారు. అందరూ ఎండలో నిలబడి, ఇంకా గట్టిపడని ఉప్పుని గీకి కుప్పపోశారు. వాన పడలేదు. చుక్క కూడా రాలలేదు. టెక్కలి దాకా వచ్చిన మబ్బు అటు నుంచి అటే పోయింది.

మర్నాడు ఉదయం లక్ష్ముడు చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఒసే కుమారీ, మీ సారు నిన్న మా సేత పచ్చి ఉప్పు తీయించీసినాడే! ఇక్కడ ఎండ మాడ్చీస్తన్నాది. ఆ మిషనుకి ఒకపాలి నౌపడ సూపించండి, ఎక్కడుందో దానికి తెలీదు కాబోలు!"

దేవేంద్ర మొహం మాడిపోయింది. ఫోను దగ్గరికి వంగి, "తప్పు జరిగింది లక్ష్ముడు గారూ," అన్నాడు.

"తప్పేటి బాబూ," అవతలి గొంతు మెత్తబడింది. "ఆకాసం సూసి మేం సెప్పిందీ తప్పుతాది. కాపోతే మీరు మజ్జానవే సెప్పినారు. ఇన్నాళ్ళూ సాయంత్రం సెప్పేవోరు, అది ఎందుకూ పనికొచ్చీది కాదు. సెప్పండి, రోజూ సెప్పండి."

రోజూ చెప్పారు. పన్నెండు రోజులు వాన లేదనే చెప్పారు, రాలేదు. ఏప్రిల్ చివరి గురువారం మళ్ళీ ఉందని వచ్చింది. దేవేంద్ర ఈసారి పంపడానికి జంకాడు. పచ్చి ఉప్పు సంగతి మనసులో మెదిలింది. ఇప్పుడు సమయం చేతిలో ఉంది కాబట్టి, మొదటి లెక్క మీద మాత్రమే ఆధారపడకుండా గాలివాటం కొద్దిగా మార్చి, ఆ ప్రాంతాన్ని ఇంకా పెద్ద గళ్ళుగా విడగొట్టి, అదే లెక్క ముతకగా ఇంకోసారి నడిపాడు. పది నిమిషాల్లో అదీ వానే అంది. ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుండగా కబురు పంపాడు.

నాలుగున్నరకి లక్ష్ముడి దగ్గర్నుంచి ఫోను. మాట కంటే ముందు హోరు వినిపించింది.

"సారూ, వినబడతన్నాదా?" అని అరిచాడు లక్ష్ముడు. "కుప్పలకి తాటాకు ఏసీసి, షెడ్డు కింద నిలబడి సూస్తన్నాం. కుండపోత! ఒక్క మడీ వదల్లేదు, అంతా తీసీసినాం!"

వెనక ఎవరో ఆడవాళ్ళు గట్టిగా నవ్వుతున్నారు. దేవేంద్ర ఫోను చెవికి ఆనించుకుని, విజయనగరంలో పొడిగా ఉన్న కిటికీ బయటికి చూస్తూ, ఆ వాన శబ్దాన్ని చాలాసేపు విన్నాడు. ఫోను కుమారికి ఇచ్చాడు.

ఆమె అన్నతో మాట్లాడి పెట్టేశాక, అతను ఏదో గొప్ప మాట చెప్పి కృతజ్ఞత తెలుపుకుందామనుకున్నాడు. ఈలోగా ఆమె నోటుపుస్తకం తెరిచింది.

"సార్, ఒక ఫైల్లో దూరాలున్నాయి. తన పక్క మెమరీకి దూరం పది అంటన్నాది. అవతలి పక్కకి ఇరవయ్యొకటి. అంటే రెట్టింపు పైనే కదా. ఈ దూరం ఎవులు కొలిసినారు? ఆపరేటింగ్ సిస్టమ్మే కొలిసిందా?"

ఆ అంకెలు దేవేంద్ర వందసార్లు చూసి ఉంటాడు. ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎప్పుడూ అడగలేదు.

"తెలీదండీ," అన్నాడు. "రేపు చెబుతాను."

ఇంటికెళ్ళి వెతికాడు. మర్నాడు ఉదయం వచ్చి చెప్పాడు: అవి ఆపరేటింగ్ సిస్టమ్ కొలిచినవి కావు. మిషను లేచేటప్పుడు, దాన్ని తయారు చేసినవాళ్ళు లోపలి బోర్డులో రాసిపెట్టిన పట్టిక ఒకటి ఇస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అందులో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

"అయితే కొలవకుండా రాసీసినా మనకి తెలీదన్నమాట."

"తెలీదు."

"మనం కొలవలేమేటి?"

దేవేంద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరగంటలో ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. పనిని ఒక పక్కనున్న ఒక్క కోరుకే కట్టేసి, మొదట ఆ పక్క మెమరీనీ తరవాత అవతలి పక్క మెమరీనీ కోటిసార్లు చదివించి, ఒక్కో చదువుకి ఎంత సమయం పట్టిందో చూపించే ప్రోగ్రాము. కుమారి నోటుపుస్తకంలో రెండు నిలువు వరసలు గీసింది. అతను అంకెలు చదివాడు, ఆమె రాసింది. తన పక్కన ఎనభై అయిదు, అవతలి పక్కన నూట నలభై. సెకనులో వంద కోట్లో వంతు ఒకటిగా లెక్కపెడితే. పదిసార్లు తీశారు. అటూఇటుగా అవే.

ఆమె వేళ్ళ మీద లెక్కేసుకుంది. "రెట్టింపు లేదు సార్. ఒకటిన్నరకి ఎక్కువ, ఒకటీ ముప్పావుకి తక్కువ."

"ఒకటీ పాయింట్ ఆరు అయిదు."

"మరి ఇరవయ్యొకటని ఎందుకు రాసినారు?"

"అదీ తెలీదండీ," అన్నాడు దేవేంద్ర. ఆ మాట చెప్పడం అతనికి ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

"ఇంకో ప్రాసెసర్ వైపు నుంచి కూడా తీద్దాం," అంటూ ఆమె కొత్త పేజీ తిప్పి, పైన తారీఖు వేసింది. అతను కోరు నంబరు మార్చి మళ్ళీ నడిపాడు.